సఫారీ వాళ్లకు, జాగారం మనకు

ఈ యాసంగిలో నేను యాభై రెండు రాత్రులు మంచె మీద పడుకున్నాను. పడుకున్నాను అనడం కూడా అబద్ధమే, కూర్చున్నాను. రెండెకరాల పల్లి చేను నాది. ఊడలు దిగి కాయ ఊరే వేళకు అడవి పందులు మొదలుపెడతాయి. ఒక మంద వచ్చిందంటే గంటలో పది గుంటలు దున్నేసినట్టు చేస్తుంది. చేతిలో టార్చిలైటు, పక్కన పాత నూనె డబ్బా, దాన్ని కొట్టడానికి ఒక కట్టె. డిసెంబరు చలిలో ఇదీ నా ఆయుధాగారం.

తెల్లారి మంచె దిగి ఇంటి దారి పట్టే వేళకు రోడ్డు మీద జీపులు ఎదురొస్తాయి. పైకప్పు లేని జీపులు. దుప్పట్లు కప్పుకొని, కెమెరాలు మెడలో వేసుకొని పట్నం నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్లు పులిని చూడ్డానికి పోతుంటారు, నేను పందిని తోలి వస్తుంటాను. ఒకరోజు ఒక చిన్న పిల్లవాడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. అడవిని చూసి సంబరపడే పిల్లలు ఎంతమంది ఉంటే అంత మంచిదే.

నా కోపం లెక్క మీద. ఆ జీపులో సీటుకు టికెట్టు ఉంది, టికెట్టుకు రసీదు ఉంది. ఆ అడవి అంచున నేను చేసిన జాగారానికి రసీదు ఎవరిస్తారు?

లెక్క చెప్తాను. నా రెండెకరాల్లో ఇరవై క్వింటాళ్లు రావాలి. పదకొండు వచ్చింది. పోయిన తొమ్మిది క్వింటాళ్లకు మద్దతు ధర 7,263 రూపాయల చొప్పున కడితే 65,367 రూపాయలు. మార్కెట్లో ఆ ధర దక్కుతుందా లేదా అన్నది వేరే కథ, సర్కారు లెక్కే తీసుకుందాం. యాభై రెండు రాత్రుల కాపలాకు రాత్రికి ఐదు వందల కూలి వేస్తే 26 వేలు. రెండూ కలిపి 91 వేలు దాటింది. అడవి పక్కన రెండెకరాలు ఉన్నందుకు ఒక్క పంటలో నేను కట్టిన పన్ను ఇది. ఏ బడ్జెట్లోనూ కనపడదు.

ఎవరి అడవి, ఎవరి ఆనందం

నల్లమలలో తెలంగాణ వైపు ఉన్న అడవికి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం అని పేరు. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. 1978లో అభయారణ్యం అయింది, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. అప్పుడు కృష్ణకు అటూ ఇటూ ఉన్న అడవి అంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పేరుతో ఒకటే. 2014లో రాష్ట్రం విడిపోయినాక ఇటుపక్కది అమ్రాబాద్ అయింది. మల్లెల తీర్థం జలపాతం, ఉమామహేశ్వరం కొండ, కృష్ణ లోయ, ఫరహాబాద్ నుంచి కనపడే అడవి. చూడదగ్గవే అన్నీ. నేను పుట్టి పెరిగిన నేల గురించి ఇంకొకరు నాకు చెప్పనక్కర్లేదు.

ఫరహాబాద్ అంటే ఆనందాల చోటు అని అర్థం. నిజాం కాలంలో వేటకు వచ్చే పెద్దలకు అక్కడ విడిది ఉండేది. వేటకు వచ్చినవాళ్లకు దారి చూపింది చెంచులు. ఇప్పుడు సఫారీకి దారి చూపుతున్నదీ చెంచు పిల్లలే. పేరు మారలేదు, పని మారలేదు. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. ఇది మంచి మార్పే, ఒప్పుకుంటాను. కానీ ఆనందం ఎవరిది, చాకిరీ ఎవరిది అన్న పంపకం మాత్రం నిజాం నాటిదే.

1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ చెంచుల మధ్య తిరిగి పుస్తకం రాశాడు. అది 1943లో అచ్చయింది. అప్పటికే వాళ్లు ఎన్నో తరాలుగా ఇక్కడున్నారు. గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని, జిగురు ఏరుకొని బతికారు. ఆ వేల ఏళ్లలో పులి పోలేదు. రోడ్లు వచ్చినాక, కలప లారీలు వచ్చినాక, తోళ్ల బేరగాళ్లు వచ్చినాక పులి తగ్గింది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరిది.

ఒక చట్టం, రెండు తూకాలు

ఇక్కడ సభ్యులు కొంచెం ఓపికగా చదవాలి. మనల్ని భయపెట్టేది చట్టం పేరుతోనే కాబట్టి చట్టంలో ఏముందో మనకు తెలియాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2006లో దాన్ని సవరించి పులుల కోసం కొత్త సెక్షన్లు చేర్చారు. అందులో 38వి సెక్షన్ ప్రకారం అభయారణ్యం నడిమి భాగం, అంటే కోర్ ఏరియా, మనిషి అలజడి లేకుండా ఉండాలి. ఈ ముక్క అధికారులందరికీ కంఠతా వచ్చు. అదే సెక్షన్లో ఇంకో ముక్క ఉంది. షెడ్యూల్డ్ తెగలవాళ్ల, ఇతర అటవీ నివాసుల హక్కులకు భంగం కలగకుండా ఆ పని చేయాలి. తరలింపు ఏదైనా వాళ్లు ఇష్టపడి ఒప్పుకుంటేనే జరగాలి. ఈ ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అదే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో 4(2) సెక్షన్ ఇంకా గట్టిగా చెప్తుంది. ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. గ్రామసభ అన్నీ తెలుసుకొని, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తచోట ఇళ్లు, భూమి, వసతులు పూర్తయ్యేదాకా ఎవర్నీ కదిలించకూడదు. వన్యప్రాణుల కోసమని కీలక ఆవాసంగా ప్రకటించి మనుషుల్ని పంపించిన చోటును ఆ తర్వాత ఇంకే పనికీ మళ్లించకూడదు.

ఇప్పుడు రెండో తూకం చూడండి. 2012 జులైలో సుప్రీంకోర్టు కోర్ ఏరియాల్లో పర్యాటకాన్ని ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా హోటళ్లవాళ్లు, టూర్ల కంపెనీలవాళ్లు గగ్గోలు పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, నిషేధం పోయింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కోర్ ఏరియాలో 20 శాతం దాకా పర్యాటకులను తిప్పవచ్చు.

అంటే ఏమిటి? సార్లపల్లిలో, కుడిచింతలబైలులో తాతల నాటినుంచి ఉన్న కుటుంబం పొయ్యి రాజేస్తే పులికి అలజడి. అదే అడవిలో డీజిల్ జీపు తిరిగితే అలజడి కాదు. ముసలమ్మ కట్టెల మోపుతో వస్తే అడవికి నష్టం, కాటేజీకి ఏసీ పెడితే పర్యావరణహితం. ఉండేవాడు పులికి శత్రువు, చూసిపోయేవాడు పులికి మిత్రుడు. ఈ తర్కం ఏ పులి చెప్పింది?

కోర్ గ్రామాల తరలింపుకు కుటుంబానికి ఇచ్చే మొత్తం 2008లో పది లక్షలు, 2021లో పదిహేను లక్షలు అయింది. పదిహేను లక్షలంటే పెద్ద మొత్తంలాగే వినపడుతుంది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పక్కన ఇవాళ ఎకరం ధర అడగండి. పదిహేను లక్షలకు ఎన్ని గుంటలు వస్తాయో అక్కడున్న ఏ బ్రోకరైనా చెప్తాడు. పోవాలనుకునే వాళ్లు ఉన్నారు. ఆస్పత్రి కోసం, పిల్లల చదువు కోసం పోతామంటున్నారు. పోనివ్వండి, వాళ్ల ఇష్టం. కానీ ముప్పై ఏళ్లు రోడ్డు వేయకుండా, కరెంటు ఇవ్వకుండా, డాక్టరును పంపకుండా పెట్టి, చివరికి 'వాళ్లే ఇష్టపడి పోతున్నారు' అంటే దాన్ని ఇష్టం అనరు. ఊపిరాడకుండా చేసి కిటికీ తెరవడం అంటారు.

అడవిని కాపాడింది ఎవరు

'రైతు సంఘాలు అడవికి వ్యతిరేకం, పులికి వ్యతిరేకం' అని పట్నంలో కొందరు రాస్తున్నారు. వాళ్లకు 2019 గుర్తుచేయాలి. నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామని వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర మండలాల్లో రోడ్డు మీద కూర్చున్నది ఎవరు? చెంచులు, లంబాడీలు, అడవి అంచు రైతులు, మన ఆడవాళ్లు. మనం కదిలినాకనే పట్నంలో విద్యార్థులు, సినిమావాళ్లు, కవులు గొంతు కలిపారు. వాళ్లకు కృతజ్ఞతలు. ఆ ఏడాది సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇవాళ సఫారీ జీపు తిరుగుతున్న అడవిలో డ్రిల్లింగు లారీ తిరగకుండా ఆపింది ఈ మనుషులే. వాళ్లను ఇప్పుడు అడవికి అడ్డం అంటున్నారు.

అడవి లేకుంటే మనకు వాన లేదు, బోరులో నీళ్లు లేవు. ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. గుట్ట బోడి అయిన ఊళ్లలో బోర్లు ఎంత లోతుకు పోయాయో మనకు తెలుసు. అడవి ఉండాలి, పులి ఉండాలి. ఉండటానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే మన ప్రశ్న.

పంది సంతకం పెట్టదు

పంట నష్టం దరఖాస్తు పట్టుకొని నేను ఒక ఆఫీసుకు పోయాను. అక్కడివాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. రెండో ఆఫీసులో, అది పందే చేసిందని రుజువేమిటి అని అడిగారు. పంది సంతకం పెట్టదు కదా సార్ అన్నాను. ఫొటోలు తెమ్మన్నారు. రాత్రి ఫోనుతో తీసిన ఫొటోలో చీకటి తప్ప ఏమీ రాలేదు. పొద్దున తీసిన ఫొటో చూసి, ఇది ఊరపంది కావచ్చు అన్నారు. నాలుగుసార్లు తిరిగాను. బస్సు చార్జీలు, పోయిన కూలి కలిపితే వచ్చే పరిహారం కంటే ఎక్కువయ్యేట్టుందని మానుకున్నాను. నాలాగే మానుకున్నవాళ్లు మా ఊళ్లో ప్రతి వాడలో ఉన్నారు. మేము మానుకున్నాం కాబట్టి కాగితం మీద నష్టం తగ్గింది. నష్టం తగ్గింది కాబట్టి సమస్య లేదు. ఇదీ లెక్క.

పందులే కాదు, కోతులు కూడా. శ్రీశైలం రోడ్డు మీద పోయేవాళ్లు పుణ్యం అనుకొని కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేస్తారు. రోడ్డు మీద తిండికి అలవాటైన కోతి అడవిలో పండు వెతుక్కోదు. ఊరి మీద పడుతుంది. మా ఊళ్లో కూరగాయలు పెట్టడం మానేశారు. పుణ్యం పోయేవాళ్లకు, పాదు పీకుడు మాకు.

తీగ గురించి ఒక మాట

ఇది రాయడం నాకు కష్టం. అయినా మన పత్రికలో మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

కొన్నేళ్ల కింద మా పక్క ఊరి అబ్బాయి ఒకడు రాత్రి మోటారు పెట్టడానికి పోతూ పక్క చేనువాళ్లు పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఇరవై రెండేళ్లు. తీగ పెట్టినాయన హంతకుడు కాదు. మూడేళ్లు వరసగా పంట పోయి అప్పుల్లో మునిగినవాడు. ఇవాళ ఒక ఇంట్లో పిల్లవాడు లేడు, ఇంకో ఇంట్లో తండ్రి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు. రెండు ఇళ్లూ మన సంఘం ఇళ్లే. నేను రెండు గడపలూ తొక్కాను. రెండు చోట్లా నోట మాట రాలేదు.

కరెంటు తీగ పెట్టడం తప్పు. సర్కారు తప్పు చేస్తోంది కాబట్టి మనమూ చేస్తామంటే కుదరదు. ఆ తీగకు పంది అని, పులి అని, మనిషి అని తేడా తెలియదు. ఎవరి చేలో ఉన్నా ఈ వారమే తీసేయండి. సంఘం మనిషిగా నేను మొదట అడిగేది ఇది, తర్వాతే సర్కారును అడుగుతాను.

కానీ సర్కారు కూడా ఒక మాట వినాలి. తీగ పెట్టిన రైతును పట్టుకోవడానికి రాత్రికి రాత్రే జీపు వస్తుంది. అదే జీపు పంట పోయిన రోజు ఎందుకు రాదు? ప్రాణం తీయకుండా చిన్న షాకుతో జంతువును తోలే సోలార్ కంచె ఉంది. దాని ధర చిన్న రైతు భరించలేడు. పర్యాటకులకు వ్యూ పాయింట్లు కట్టడానికి దొరికిన డబ్బు రైతు చేనుకు కంచె కట్టడానికి ఎందుకు దొరకదు?

'టూరిజం వస్తే ఉద్యోగాలు వస్తాయి'

ఈ మాట ప్రతి మీటింగులో వింటున్నాం. కొన్ని వచ్చాయి, కాదనను. గైడ్లుగా, డ్రైవర్లుగా, పులి జాడ చూసేవాళ్లుగా కొందరు చెంచు పిల్లలకు పని దొరికింది. అది వాళ్లు భిక్షగా తీసుకున్నది కాదు. వాళ్లకున్న విద్యకు దక్కిన కూలి. కానీ ఆ పని పర్మినెంటు కాదు. వానాకాలం మూడు నెలలు సఫారీ బంద్, అప్పుడు ఇంటి పొయ్యి ఎట్లా వెలగాలి? అడవి అంచున రోడ్డు పక్క భూములు ఎవరి చేతుల్లోకి పోతున్నాయి? మొన్నటిదాకా జొన్న వేసిన చేను చుట్టూ ప్రహరీ లేస్తోంది, లోపల ఫామ్‌హౌస్ వస్తోంది. అమ్ముకున్న రైతు అదే గేటు దగ్గర వాచ్‌మన్ అవుతున్నాడు. ఉద్యోగం వచ్చిందంటే ఇదే వచ్చింది.

చట్టంలోనే 38ఎక్స్ సెక్షన్ కింద ప్రతి పులుల అభయారణ్యానికి ఒక ఫౌండేషన్ ఉండాలి. స్థానికులను కలుపుకొని పర్యాటకం నడపాలి, వాళ్ల అభివృద్ధికి తోడ్పడాలి. 2012 మార్గదర్శకాలు పర్యాటక వ్యాపారం మీద రుసుము వేసి స్థానికుల కోసం ఖర్చు పెట్టమన్నాయి. మనం కొత్తగా ఏదీ కోరడం లేదు, రాసి ఉన్నది చేయమంటున్నాం. గేటు దగ్గర ఎంత వసూలైంది, అందులో ఏ ఊరికి ఎంత పోయింది? ఈ రెండు అంకెలు ప్రతి పంచాయతీ బోర్డు మీద రాసిపెట్టమనండి. ఉపాధి హామీ కూలి లెక్క గోడ మీద రాయించగలిగినవాళ్లం, ఇదీ రాయించగలం.

అడవికి మనుషులు పోవడం మనకు కొత్త కాదు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు వేలమంది ఆ లోయలోకి కాలినడకన దిగుతారు. అక్కడి దేవుడికి పూజారులు చెంచులే. ఇప్పుడు ఆ జాతరకు రోజులు లెక్కపెట్టి దారి తెరుస్తున్నారు. జనం తాకిడి తగ్గాలంటే సరే, ఒప్పుకుందాం. అదే కొలబద్ద డబ్బు కట్టి వచ్చేవాళ్లకూ పెట్టాలి కదా!

అడిగితే వస్తుంది

నిరాశ పడాల్సిన పని లేదు. పోయిన ఏడాది మే 30న కుమురం భీం జిల్లాలో పులుల నడవా కోసమని జీవో 49 ఇచ్చారు. దాదాపు లక్షన్నర హెక్టార్ల అడవిని ఒక్క కాగితంతో సంరక్షణ రిజర్వు చేశారు. ఆదివాసులు, రైతులు గ్రామగ్రామాన కదిలారు, బంద్ చేశారు. జులై 21న ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. రద్దు చేయలేదు, నిలిపివేసింది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. అయినా కదిలితే కాగితం ఆగుతుందని తేలింది.

ఇంకొకటి. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని, 2026 వానాకాలం నుంచి అమలని కేంద్రం పోయిన నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోతో యాప్‌లో చెప్పాలి. ఏ జిల్లాలు, ఏ జంతువులు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. మన రాష్ట్రం 2020లో ఆ బీమా నుంచి తప్పుకుంది. అడవి అంచు మండలాలకు ఇది దక్కాలంటే ఇప్పుడే అడగాలి. వానాకాలం విత్తనం వేసినాక అడిగితే లాభం లేదు.

మన డిమాండ్లు ఇవి:

1. అడవి అంచు గ్రామాల్లో జంతువుల పంట నష్టానికి పెట్టుబడితో సహా పూర్తి పరిహారం ఇవ్వాలి. ఒకే దరఖాస్తు, ఒకే ఆఫీసు ఉండాలి. వారంలో పరిశీలన, నెలలో చెల్లింపు జరగాలి.

2. చిన్న, సన్నకారు రైతులకు సోలార్ కంచె పూర్తి సబ్సిడీ మీద ఇవ్వాలి. మొదటి ఖర్చు సఫారీ, కాటేజీల వసూళ్ల నుంచి పెట్టాలి.

3. గేటు వసూళ్లు, ఖర్చుల లెక్క ప్రతి మూడు నెలలకు గ్రామసభ ముందు పెట్టాలి.

4. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సాముదాయక హక్కులు, చెంచుల ఆవాస హక్కులు తేల్చకుండా ఒక్క కుటుంబాన్ని కూడా కదిలించకూడదు. ఖాళీ చేయించిన చోట ఏ కట్టడమూ, ఏ వ్యాపారమూ పెట్టకూడదు.

5. పంట బీమాలో అడవి పందిని, కోతిని, మన జిల్లాను నోటిఫై చేయాలి.

డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి, కొత్త సర్పంచులు వచ్చారు. వాళ్లలో మన సంఘంవాళ్లు ఉన్నారు, మనం ఓటేసినవాళ్లు ఉన్నారు. వచ్చే గ్రామసభలో ఈ ఐదు డిమాండ్లూ తీర్మానంగా పెట్టించండి. మినిట్స్ బుక్కులో ఎక్కిందో లేదో చూసి నకలు తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకుంటే ఇంటికి వచ్చేయకండి. పంట నష్టపోయిన ప్రతి ఒక్కరూ, రాదని తెలిసినా సరే, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నేను మానుకొని తప్పు చేశాను. ఈసారి నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తిరుగుతాను. ఒక్కడినే కాదు, ఊరంతా కలిసి పోదాం.

వచ్చే యాసంగికీ పందులు వస్తాయి, జీపులూ వస్తాయి. ఆ పిల్లవాడు మళ్లీ వచ్చి చెయ్యి ఊపితే నేనూ ఊపుతాను. కానీ ఆ చెయ్యి జాగారం చేసి వణుకుతున్న చెయ్యి కాకూడదు. రాత్రి ఇంట్లో నిద్రపోయి పొద్దున చేను చూసుకోవడానికి వచ్చిన రైతు చెయ్యి కావాలి.